బాణం సున్నా చూపించిన చోట ఏమీ లేదు: ఒక బెంచ్‌మార్క్ అన్వేషణ కేస్ స్టడీ

నేపథ్యం

చేతి జీపీఎస్‌తో జియోక్యాషింగ్ (ఎవరో దాచిన డబ్బాలను అక్షాంశ రేఖాంశాలను బట్టి వెతికే ఆట) చేస్తూ, అక్కడి నుంచి పాత సర్వే గుర్తుల అన్వేషణకు మళ్లే ఔత్సాహికులకు కొన్నేళ్లుగా తోడ్పడుతున్నాను. నా దగ్గరకు వచ్చే సందేహాలలో ఎక్కువ భాగం పరికరం గురించినవే. ఏ మోడల్ కొనాలి, ఏ సెట్టింగ్ మార్చాలి, చెట్ల కిందకు వెళ్లగానే దూరం అంకె ఎందుకు ఎగిరిపడుతుంది అని అడుగుతుంటారు. ఈ కేసు కూడా అలాగే మొదలైంది. తీరా చూస్తే పరికరంలో లోపమేమీ లేదు. లోపమంతా దానికి మేము ఇచ్చిన అంకెలలో ఉంది. ఆ తప్పులలో ఒకటి నాదే కావడం వల్ల కూడా ఇది రాయాలనిపించింది. స్థలం అమెరికా పడమటి తీర రాష్ట్రాలలో ఒకటి అని మాత్రమే చెబుతాను. కౌంటీ పేరు, గుర్తు మీద చెక్కిన పేరు, దాని గుర్తింపు సంఖ్య, కచ్చితమైన సంవత్సరాలు వదిలేశాను.

నన్ను సంప్రదించిన పెద్దమనిషి ఈ రంగానికి కొత్తవారేమీ కాదు. వందల కొద్దీ జియోక్యాష్‌లు కనుగొన్నవారు. చేతిలో గార్మిన్ జీపీఎస్‌మ్యాప్ శ్రేణి పరికరం, ఇంటి కంప్యూటర్‌లో జీఎస్‌ఏకే, బేస్‌క్యాంప్, గూగుల్ ఎర్త్ అనే క్యాష్‌ల జాబితాల, పటాల ప్రోగ్రాములు ఉన్నాయి. వాటిని ఎలా వాడాలో ఆయనకు బాగా తెలుసు. ఈ కేసులో ఆయనకు అడ్డు వచ్చినది ఆ అనుభవమే అంటే వింతగా ఉంటుంది గాని, నిజం అదే.

జియోక్యాషింగ్ పుట్టుకలోనే దీనికి కారణం ఉంది. పౌరులకు అందే జీపీఎస్ సంకేతంలో కావాలని కలిపే పొరపాటును అమెరికా ప్రభుత్వం 2000 మే 2న ఆపేసింది. అప్పటిదాకా వంద మీటర్ల దాకా తప్పుతూ వచ్చిన చేతి పరికరాలు ఒక్క రాత్రిలో పది, ఇరవై మీటర్లలోకి వచ్చాయి. మరునాడే ఓరెగాన్ రాష్ట్రంలో డేవ్ ఉల్మర్ అనే ఔత్సాహికుడు ఒక బకెట్‌లో కొన్ని వస్తువులు పెట్టి, దాని నిర్దేశాంకాలను, అంటే అక్షాంశ రేఖాంశాలను, అందరికీ ప్రకటించాడు. ఆనాటి నుంచి ఈ ఆటలో దాచేవారూ వెతికేవారూ వాడేది ఒకే తరహా పరికరం, ఒకే డబ్ల్యూజీఎస్ 84 డేటమ్ (నిర్దేశాంకాలను లెక్కించే మూల చట్రం), డిగ్రీలూ దశాంశ నిమిషాలూ ఉండే ఒకే రాత పద్ధతి. నిమిషంలో వెయ్యో వంతు అంటే ఉత్తర దక్షిణాలుగా 1.85 మీటర్లు. అందుకే పరికరంలో దారి చూపే బాణం దూరం సున్నాకు వచ్చిందంటే డబ్బా అయిదు పది అడుగుల దూరంలో ఉన్నట్లేనని క్యాషర్ నమ్ముతాడు. క్యాషింగ్ వరకు అది న్యాయమైన నమ్మకమే.

బెంచ్‌మార్క్ సంగతి వేరు. అది ఎత్తు కోసం పాతిన గుర్తు. లెవెలింగ్ బృందాలు, అంటే ఎత్తులు కొలిచేవారు, రైలు కట్టల వెంబడి, రోడ్ల వెంబడి ఎత్తును మోసుకుంటూ వెళ్లి, దారి పొడవునా తొమ్మిది సెంటీమీటర్ల వ్యాసం గల కంచు డిస్కులను కాంక్రీటు దిమ్మెల్లో బిగించాయి. ఎత్తు మిల్లీమీటర్ల లెక్కన తేల్చారు. అక్షాంశ రేఖాంశాలతో వారికి పని లేదు. ఆ అంకెలను తరువాతెప్పుడో ఎవరో కార్యాలయంలో కూర్చుని టోపో పటం (నేల ఎత్తుపల్లాలు చూపే పటం) మీద స్కేలుతో కొలిచి రాశారు. అమెరికా ప్రభుత్వ సర్వే సంస్థ అయిన నేషనల్ జియోడెటిక్ సర్వే ఒక్కో గుర్తుకు ఇచ్చే వివరాల పత్రంలో, అంటే డేటాషీట్‌లో, ఇలాంటి గుర్తు నిర్దేశాంకాల పక్కన 'స్కేల్డ్' అని ఉంటుంది, ఖచ్చితత్వం ఆరు సెకన్లు అటూ ఇటూ అని కిందే వివరణ ఉంటుంది. కోణాలు కొలిచి స్థానాన్ని లెక్కగట్టిన త్రికోణ సర్వే స్టేషన్లకైతే 'అడ్జస్టెడ్' అని ఉంటుంది. అక్కడ సెకను తరువాత అయిదు దశాంశాలు ఇస్తారు; చివరి అంకె విలువ మిల్లీమీటరులో మూడో వంతు కంటే తక్కువ. ఒకే సంస్థ, ఒకే తరహా కాగితం, రెండు అంకెలకూ మధ్య ఇంత అంతరం.

సమస్య

ఆయన రాసిన మొదటి ఉత్తరం సారాంశం ఇది. 1930వ దశకంలో పాతిన ఒక బెంచ్‌మార్క్ కోసం రెండు సార్లు వెళ్లారు. మొదటిసారి బాణం ఒక గడ్డి మైదానం నడుమకు తీసుకెళ్లింది. చుట్టుపక్కల రోడ్డు గాని రైలు పట్టా గాని కనిపించలేదు. రెండోసారి అంకెలు సరిచూసుకుని వెళ్తే బాణం రోడ్డుకు ఉత్తరాన ఒక దుక్కి పొలంలోకి చూపించింది. రైతు అనుమతి తీసుకుని గంటన్నర వెతికారు. ఏమీ లేదు. దున్నడంలో దిమ్మె పెకలించుకుపోయి ఉంటుందని ఆయన నిర్ణయానికి వచ్చారు. తిరిగి వస్తూ రోడ్డు పక్కన మరో డిస్క్ చూశారు. దాని మీద అదే అక్షరం, అదే సంఖ్య, ఆ పక్కన 'రీసెట్' అనే మాట, 1960వ దశకపు సంవత్సరం ఉన్నాయి. ఫొటో జత చేసి మూడు ప్రశ్నలు అడిగారు. పాతదాన్ని 'ధ్వంసమైంది' అని సర్వే సంస్థకు నివేదించవచ్చా? రీసెట్ డిస్క్‌ను పాత గుర్తింపు సంఖ్య కింద 'దొరికింది' అని రాయవచ్చా? ఇక మూడోది, ఒకటి కంటే ఎక్కువ పౌనఃపున్యాల సంకేతాలు అందుకునే కొత్త మల్టీబ్యాండ్ పరికరం కొంటే మంచిదా?

మూడింటికీ వద్దనే చెప్పాను. మొదటి రెండింటికి కారణాలు వెంటనే చెప్పగలిగాను. ధ్వంసమైందని రాయాలంటే రుజువు కావాలి. విరిగిన దిమ్మె గాని ఊడిన డిస్క్ గాని కంటితో చూసి ఫొటో తీసి ఉండాలి. కనిపించకపోవడం రుజువు కాదు, దానికి 'దొరకలేదు' అనే వేరే గడి ఉంది. ధ్వంసమైందని నమోదైతే ఆ తరువాత ఎవరూ వెతకరు, కాబట్టి ఈ రెండు మాటల మధ్య తేడా చిన్నది కాదు. ఇక రీసెట్ అంటే పేరు పంచుకున్న వేరే గుర్తు. రోడ్డు పనుల వంటి వాటి వల్ల పాత గుర్తుకు ముప్పు ఉన్నప్పుడు దగ్గరలో కొత్త దిమ్మె పోసి, పాతదాని నుంచి ఎత్తును దాని మీదకు తెస్తారు. దానికి సొంత గుర్తింపు సంఖ్య, సొంత డేటాషీట్, సొంత ఎత్తు ఉంటాయి. ఒకదాని ఖాతాలో మరొకదాన్ని వేస్తే, రేపు ఆ నివేదిక నమ్మి వచ్చిన సర్వేయరు తప్పు ఎత్తుతో పని మొదలుపెడతాడు. చేతి పరికరం చూపే ఎత్తుతో ఈ రెంటినీ వేరు చేయవచ్చు గదా అని ఆయన అడిగారు. వీలుకాదు. రెండు డిస్కుల ఎత్తుల మధ్య తేడా మీటరు కంటే తక్కువ. చేతి జీపీఎస్ నిలువులో చేసే పొరపాటు అంతకు కొన్ని రెట్లు.

పరికరాన్ని ముందుగా పరీక్షించడం

కొత్త పరికరం వద్దన్నాను గాని, ఉన్నది సరిగా ఉందని నాకూ రుజువు లేదు. అనుమానాలు అన్నీ కలిసి ఉన్నప్పుడు ఒక్కొక్కదాన్ని విడదీసి తేల్చుకోవడం నాకు అలవాటు. అక్కడికి కొన్ని కిలోమీటర్ల దూరంలో, ఒక గుట్ట మీద, 'అడ్జస్టెడ్' నిర్దేశాంకాలు ఉన్న త్రికోణ స్టేషన్ ఉంది, దారి కూడా అందరికీ తెరిచినదే. ముందు అక్కడికి వెళ్లి, డిస్క్ మధ్యలోని త్రిభుజం గుర్తు మీద పరికరం పెట్టి, వేపాయింట్ సగటు (ఒకే చోటును పలుమార్లు నమోదు చేసి తీసే సగటు) తీయమని అడిగాను. గార్మిన్ సలహా ప్రకారం మంచి సగటుకు నాలుగు నుంచి ఎనిమిది నమూనాలు, ఒక్కొక్కదాని మధ్య కనీసం తొంభై నిమిషాల విరామం కావాలి. అంత ఓపిక ఎవరికీ ఉండదు; రెండు నమూనాలు చాలన్నాను. డేటాషీట్ అంకెకూ ఆయన సగటుకూ తేడా మూడు మీటర్లు వచ్చింది. అందులో మీటరు పైచిలుకు, డేటాషీట్ వాడే ఎన్ఏడీ 83 డేటమ్‌కూ పరికరం వాడే డబ్ల్యూజీఎస్ 84కూ ఉన్న సహజమైన తేడాయే. పరికరం నిర్దోషి అని తేలింది.

పరికరం పాత్ర తేలిపోయాక మొదటి ప్రయాణం సంగతి అయిదు నిమిషాల్లో అర్థమైంది. డేటాషీట్ అంకెలను డిగ్రీలు, నిమిషాలు, సెకన్లుగా రాస్తుంది. ఆయన పరికరం క్యాషింగ్ కోసం డిగ్రీలు, దశాంశ నిమిషాల పద్ధతిలో ఉంది. అక్షాంశంలో 24 సెకన్లను ఆయన .24 నిమిషాలుగా, రేఖాంశంలో 50 సెకన్లను .50 నిమిషాలుగా ఎక్కించారు. నిజానికి 24 సెకన్లు అంటే .400, 50 సెకన్లు అంటే .833. అక్షాంశంలో దాదాపు 300 మీటర్లు, రేఖాంశంలో ఆ ప్రాంతపు లెక్కన 430 మీటర్ల పైచిలుకు. మొత్తం అర కిలోమీటరుకు పైగా ఆగ్నేయంగా వెళ్లిపోయారు. పరికరంలో స్థాన రూపాన్ని సెకన్ల పద్ధతికి మార్చి ఎక్కించి, తరువాత మళ్లీ వెనక్కు మార్చుకుంటే ఈ పొరపాటుకు తావుండదు. డేటాషీట్లను పరికరం నేరుగా చదివే జీపీఎక్స్ ఫైలుగా మార్చి పంపితే అంకెలను చేత్తో ఎక్కించే పనే ఉండదు.

రెండో ప్రయాణం అంత సులువుగా తేలలేదు. ఆసక్తికరమైన భాగం కూడా అదే.

ప్రయత్నించినవి, ఫలించనివి

ఆరు సెకన్లు అటూ ఇటూ అనే మాటను ఆయన చదివారు, కాని దాన్ని నేల మీద ఊహించుకోలేదు. ఫోనులోనే ఇద్దరం లెక్క వేశాం. అక్షాంశంలో ఒక సెకను దాదాపు 31 మీటర్లు, ఆ అక్షాంశం దగ్గర రేఖాంశంలో ఒక సెకను 22 మీటర్లు. అంటే ఉత్తర దక్షిణాలుగా 370 మీటర్లు, తూర్పు పడమరలుగా 260 మీటర్లు ఉన్న దీర్ఘచతురస్రం. వైశాల్యం దాదాపు 24 ఎకరాలు. ఆయన గంటన్నర పాటు వెతికినది అందులో పది మీటర్ల వృత్తం. "ఇరవై నాలుగెకరాలలో అరచేయంత బిళ్ల అన్నమాట," అని కాసేపు మాట్లాడలేదు. బాణం సున్నా చూపినప్పుడు అది అబద్ధం చెప్పలేదు. తనకు ఇచ్చిన అంకె దగ్గరకు నిజాయితీగా తీసుకెళ్లింది. ఆ అంకెకే గుర్తుతో దగ్గరి చుట్టరికం లేదు.

అందుకని డేటాషీట్ కింది భాగంలో, పెద్ద అక్షరాలలో ఉన్న వర్ణన వైపు మళ్లాం. సాధారణంగా క్యాషర్లు దీన్ని క్యాష్ కింద రాసిన సూచనలాగా, చిక్కుపడినప్పుడు చూసుకునేదిగా భావిస్తారు. 'స్కేల్డ్' గుర్తులకు అసలు చిరునామా అదే. లెవెలింగ్ బృందం అక్కడ నిలబడి, టేపు పట్టి రాసిన మాటలు అవి. మా గుర్తు వర్ణనలో నాలుగు కొలతలు ఉన్నాయి: రైల్వే స్టేషన్ నుంచి పట్టాల వెంబడి తూర్పుగా 0.4 మైలు, ఒక కాంక్రీటు కల్వర్టు మధ్య నుంచి తూర్పుగా 91 అడుగులు, రహదారి మధ్యగీతకు దక్షిణంగా 38 అడుగులు, ఉత్తరపు పట్టాకు ఉత్తరంగా 62 అడుగులు. అంటే గుర్తు రోడ్డుకూ రైలుకూ మధ్య ఉంది. ఆయన వెతికిన దుక్కి పొలం రోడ్డుకు అవతల ఉత్తరాన ఉంది. వర్ణన చదివిన వెంటనే ఆ పొలం పోటీలో నుంచి తప్పుకుంది.

ఇక్కడి నుంచి పని నా చేతిలోకి వచ్చింది, తప్పు కూడా. రైల్వే స్టేషన్ ఇప్పుడు లేదు; కట్టడం తీసేసి చాలా ఏళ్లయింది. దాని స్థానం తెలియాలంటే పాత పటం కావాలి. నా దగ్గర ఆ ప్రాంతపు 1:62,500 స్కేలు టోపో పటం స్కాన్ ఉంది. దాన్ని గూగుల్ ఎర్త్‌లో ఇమేజ్ ఓవర్‌లేగా, అంటే నేటి చిత్రం మీద పరిచిన పొరగా, పెట్టి, పటం మూలల్లో అచ్చైన అక్షాంశ రేఖాంశాలను నాలుగు అంచులకూ ఎక్కించి, కేఎంజెడ్ అనే రకం ఫైలుగా దాచి ఆయన పరికరంలోకి కస్టమ్ మ్యాప్‌గా పంపాను. రైలు గీత ఇప్పటి పట్టాల మీద చక్కగా కూర్చుంది. సంతోషించాను. స్టేషన్ గుర్తు నుంచి 0.4 మైలు, అంటే 644 మీటర్లు తూర్పుగా కొలిచాను. దశాంశం ఒక్కటే ఇచ్చారు కాబట్టి దాని అర్థం 0.35 నుంచి 0.45 మైలు దాకా. ఎనభై మీటర్లు అటూ ఇటూ. ఆ పరిధిలో ఒక తూము గొట్టం కనిపించింది. ఆ వారాంతం ఇద్దరం వెళ్లాం.

ఆ రోజంతా వృథా. తూముకు తూర్పుగా 91 అడుగుల దగ్గర మెటల్ డిటెక్టర్ మోగినప్పుడల్లా బీరు డబ్బాలు, పాత కంచె తీగ ముక్కలు, ఒకసారి గుర్రపు నాడా బయటపడ్డాయి. పైగా పటం మీద మా స్థానాన్ని చూపే త్రికోణం ఎంతకీ రోడ్డు వదిలి రాలేదు. మేము రోడ్డుకు పది మీటర్ల దూరాన ఉన్నా అది రోడ్డు మీదే అంటుకుని ఉంది. 'లాక్ ఆన్ రోడ్' సెట్టింగ్ వెలిగి ఉంది. కారులో దారి చూపడానికి ఆయన పెట్టుకున్నది. ఆపేశాం. చిన్న విషయమే గాని, ఇలాంటి పనికి బయలుదేరే ముందు తప్పక చూసుకోవలసిన సెట్టింగ్. తూమును దగ్గరగా చూసినప్పుడు నాకు అనుమానం రావలసింది. అది ముడతల ఇనుప గొట్టం. వర్ణనలో ఉన్నది కాంక్రీటు కల్వర్టు. పాతదాన్ని తీసి కొత్తది వేసి ఉంటారని నాకు నేనే సమాధానం చెప్పుకున్నాను. సాక్ష్యం మన ఊహకు సరిపోనప్పుడు సాక్ష్యానికే సాకు వెతకడం అంటే ఇదే.

తప్పు ఎలా బయటపడింది

ఇంటికి వచ్చాక ఓవర్‌లేను మళ్లీ తెరిచి, ఈసారి రైలును వదిలి మిగతా వాటిని చూశాను. ఉత్తర దక్షిణాలుగా పోయే ఒక కౌంటీ రోడ్డు పాత పటంలో ఇప్పటి రోడ్డుకు తూర్పున, దానికి సమాంతరంగా కనిపించింది. కొలిస్తే తొంభై మీటర్లు. రోడ్డును మార్చి వేశారేమో అనుకున్నాను. తరువాత ఒక వాగు వంపు చూశాను. అదీ తొంభై మీటర్లు తూర్పున. గుట్ట మీది దారి చీలిక చూశాను, అదీ అంతే. రోడ్డును మార్చవచ్చు, వాగు కూడా దారి మార్చుకోవచ్చు. వాగూ గుట్టా రోడ్డూ కూడబలుక్కుని ఒకే దిక్కుకు ఒకే దూరం జరగవు. జరిగింది నా పటం.

పటం అంచున చిన్న అక్షరాలలో 1927 ఉత్తర అమెరికా డేటమ్ అని ఉంది. గూగుల్ ఎర్త్‌కు తెలిసినది డబ్ల్యూజీఎస్ 84 ఒక్కటే. 1927 డేటమ్ క్లార్క్ 1866 దీర్ఘవృత్తజం (భూమి ఆకారానికి లెక్క నమూనా) మీద, కాన్సస్‌లోని మీడ్స్ రాంచ్‌ను మూలబిందువుగా తీసుకుని కట్టినది. భూకేంద్రం ఆధారంగా కట్టిన నేటి డేటమ్‌తో పోలిస్తే పడమటి తీరంలో రేఖాంశం నాలుగు సెకన్లకు పైగా తేడా వస్తుంది. పాత అంకెలను అలాగే కొత్త డేటమ్‌లో వేస్తే పటమంతా తూర్పుకు జరుగుతుంది. ఇదంతా నాకు కొత్త సంగతి కాదు. ఇతరులకు ఎన్నోసార్లు చెప్పినదే. రైలు గీత సరిగ్గా కూర్చోవడంతో సరిచూడాలన్న ఆలోచనే రాలేదు. ఆ రైలు మార్గం తూర్పు పడమరలుగా ఉంది. పటం జరిగినది కూడా తూర్పుకే. పట్టాల వెంబడి ఎంత జరిగినా గీత పట్టాల మీదే ఉంటుంది. ఉత్తర దక్షిణాలుగా ఉన్న కొద్దిపాటి తేడా గీత మందంలో కలిసిపోయింది. ఆ స్కేలులో అర మిల్లీమీటరు గీత నేల మీద 31 మీటర్ల వెడల్పు.

మూలల అంకెలను సర్వే సంస్థ వారి ఎన్‌క్యాట్ అనే మార్పిడి సాధనంలో వేసి, వచ్చిన కొత్త అంకెలతో ఓవర్‌లేను మళ్లీ కట్టాను. ఈసారి కౌంటీ రోడ్డు, వాగు, దారి చీలిక తమ తమ చోట్ల కూర్చున్నాయి. స్టేషన్ తొంభై మీటర్లు పడమటికి వెళ్లింది, దానితో పాటు మా పరిధి కూడా. ఇనుప గొట్టం ఆ పరిధి బయట పడింది.

రెండు దూరాల మొత్తం

ఇంకొక చిక్కు మిగిలింది. రోడ్డు మధ్యగీత నుంచి 38 అడుగులు, ఉత్తరపు పట్టా నుంచి 62 అడుగులు. రెండూ కలిపితే రోడ్డుకూ పట్టాకూ మధ్య సరిగ్గా 100 అడుగులు ఉండాలి. ఇప్పటి ఆర్థోఫొటో (పటంలాగా కొలవదగిన పైనుంచి తీసిన చిత్రం) మీద, క్యూజీఐఎస్ అనే పటాల ప్రోగ్రాములో కొలిస్తే 131 అడుగులు వచ్చింది. మళ్లీ మూడు చోట్ల కొలిచాను. తేడా ఒకటి రెండు అడుగులే. అంటే ఆ నాటి నుంచి ఈ నాటికి రెంటిలో ఒకటి 31 అడుగులు జరిగింది. ఏది?

ఇక్కడ తొందరపడితే మళ్లీ పొరపాటే. అసలు గుర్తు కింద 1970వ దశకపు నమోదు ఒకటి ఉంది: 'దొరకలేదు'. ఆ వచ్చినవారు రోడ్డు మధ్యగీత నుంచి కొలిచి ఉంటారని నా ఊహ. ఎందుకంటే ఎవరైనా ముందు చేసేది అదే, రోడ్డు పక్కనే కారు ఆపుతాం గనుక. రీసెట్ డిస్క్ 1960వ దశకానిది. రీసెట్ వేశారంటే అప్పట్లో రోడ్డు వెడల్పు చేసే పని తలపెట్టి ఉండవచ్చు. రోడ్డుకు దక్షిణాన రైలు కట్ట ఉంది కాబట్టి వెడల్పు ఉత్తరం వైపే సాధ్యం. ఇవన్నీ రోడ్డే జరిగిందని చెబుతున్నాయి. అయినా పట్టా జరగలేదని విడిగా రుజువు కావాలనిపించింది. కట్ట కింద పాత కల్వర్టు దొరికితే అది తేలుతుంది.

ఆకులు రాలే కాలం దాకా ఆగాం. రైలు స్థలం ప్రైవేటు ఆస్తి; అందులో అడుగు పెట్టకూడదు, పెట్టవలసిన అవసరం కూడా రాలేదు. పొదలు పలచబడ్డాక రోడ్డు వైపు నుంచే కల్వర్టు ముఖం కనిపించింది. కాంక్రీటులో పోత పోసిన సంవత్సరం బైనాక్యులర్స్‌లో చదవగలిగాం: మా గుర్తు పాతిన ఏడాది కంటే ముందుది. కల్వర్టు తన చోటే ఉందంటే దాని మీది పట్టా కూడా తన చోటే ఉంది. కొత్తగా సరిచేసిన పరిధిలో ఇదొక్కటే కాంక్రీటు కల్వర్టు.

దొరికిన తీరు

క్యూజీఐఎస్‌లో ఉత్తరపు పట్టాకు 62 అడుగుల దూరాన సమాంతర గీత గీసి, ట్రాక్‌గా పరికరంలోకి పంపాను. కల్వర్టు నీరు వచ్చే కాలువ రోడ్డు వైపు ప్రజా స్థలంలోకి కూడా సాగి ఉంది కాబట్టి, దాని మధ్యలో ఒక కర్ర పాతి, గీత వెంబడి తూర్పుగా 91 అడుగులు టేపుతో కొలిచాం. జీపీఎస్‌తో కాదు. ముప్పై మీటర్ల దూరాన్ని మూడు మీటర్ల పొరపాటు ఉన్న పరికరంతో కొలవడం తూకపు రాయి ఉండగా చేత్తో తూచడం లాంటిది. టేపు కొస దగ్గర చిన్న జెండా గుచ్చాం. కొత్త మధ్యగీత నుంచి 38 అడుగులు కొలిస్తే ఎక్కడ పడుతుందో కూడా చూశాం: మా జెండాకు ఉత్తరంగా తొమ్మిది మీటర్ల పైన, రోడ్డు అంచున పోసిన మట్టి గట్టు లోపల. 1970వ దశకంలో వచ్చినవారు వెతికింది అక్కడే అయి ఉండాలి.

డిటెక్టర్ జెండాకు మీటరు దూరాన మోగింది. సన్నని ఉక్కు ఊచను మెల్లగా దింపితే పదిహేను సెంటీమీటర్ల లోతున 'టక్' మంది. రాయి అయితే ఊచ పక్కకు జారుతుంది, ఇది జారలేదు. చుట్టూ నాలుగు చోట్ల దింపితే నాలుగు చోట్లా ఒకే లోతు. సమతలం అన్నమాట. గడ్డి చెక్కను చాపలాగా ఒక వైపు తిప్పి, మట్టి చేత్తో తీశాం. కాంక్రీటు, దాని నడుమ ఆకుపచ్చ చిలుము పట్టిన కంచు. తీగ బ్రష్‌తో రుద్దబోతున్న ఆయన చేతిని ఆపాను. చెక్కిన అక్షరాల అంచులు అలాగే పోతాయి. నీళ్లు పోసి, మెత్తని బ్రష్‌తో కడిగి, టార్చ్‌ను నేలకు ఆనించి పక్క నుంచి వెలుగు వేస్తే నీడల వల్ల అక్షరాలు లేచి కనిపించాయి. చెడగొట్టినవారికి 250 డాలర్ల జరిమానా లేదా జైలు అనే పాత హెచ్చరిక, అక్షరం, సంఖ్య, 1930వ దశకపు సంవత్సరం. 'రీసెట్' అనే మాట లేదు. ఆయన దాన్ని రెండు సార్లు పైకి చదివారు.

అక్కడే కూర్చుని పరికరంతో సగటు తీశాం. డేటాషీట్‌లోని 'స్కేల్డ్' అంకెకూ దీనికీ దూరం దాదాపు 140 మీటర్లు. అక్షాంశంలో మూడున్నర సెకన్లు, రేఖాంశంలో నాలుగు. ఆరు సెకన్ల హామీకి ఎక్కడా భంగం లేదు. డేటాషీట్ మొదటి నుంచీ నిజమే చెప్పింది.

నివేదిక, నేర్చుకున్నవి

ఈ కేసు తరువాత నా పద్ధతిలో కొన్ని మార్పులు వచ్చాయి. ఎవరైనా నిర్దేశాంకాలు పంపితే, అవి ఎంత కచ్చితమైనవని కాకుండా, ఎలా పుట్టాయని ముందు అడుగుతున్నాను: కొలిచినవా, పటం మీద స్కేలుతో తీసినవా, చేతి పరికరంతో నమోదు చేసినవా. పాత పటాన్ని ఓవర్‌లే చేస్తే కనీసం ఒక తూర్పు పడమర గీతనూ ఒక ఉత్తర దక్షిణ గీతనూ సరిచూడకుండా వాడటం లేదు. వర్ణనలో ఎదురెదురు వస్తువుల నుంచి రెండు దూరాలు ఇచ్చి ఉంటే, వెతకడానికి ముందే వాటి మొత్తాన్ని నేటి దూరంతో పోల్చుతున్నాను; ఏ వస్తువు జరిగిందో గడప దాటకుండానే కొంత తెలుస్తుంది. మెటల్ డిటెక్టర్ గురించి నా అభిప్రాయం మాత్రం మారలేదు: టేపు పని పూర్తయ్యాక బయటకు తీస్తే మంచి సాధనం, ముందే తీస్తే బీరు డబ్బాలు ఏరే యంత్రం.

నివేదికలు రెండు పంపాం, రెండు గుర్తింపు సంఖ్యల కింద. పాత గుర్తుకు 'మంచి స్థితిలో ఉంది' అని రాసి, చేతి జీపీఎస్ నిర్దేశాంకాలు అని స్పష్టంగా పేర్కొంటూ మా సగటు, డిస్క్ దగ్గరి ఫొటో, దూరపు ఫొటో జతచేశాం. రీసెట్ డిస్క్‌కు వేరే నివేదిక.

వర్ణన రాయడానికే ఎక్కువ సమయం పట్టింది. ఆయన మొదటి ముసాయిదాలో రోడ్డు తెల్లగీత, ఒక కంచె మూల, పక్కకు ఒరిగిన విట్నెస్ పోస్టు (దగ్గరలో గుర్తు ఉందని చెప్పే కంబం), ఒక పెద్ద చెట్టు ఉన్నాయి. ఒక్కొక్కదాన్ని పట్టుకుని, ఇది నలభై ఏళ్ల తరువాత ఇక్కడే ఉంటుందా అని అడుగుతూ పోయాం. కంచె పోయింది, చెట్టు పోయింది, పోస్టు ఎలాగూ ఒరిగే ఉంది. కల్వర్టు ఉంచాం, పట్టా ఉంచాం, గుర్తు నేల కింద పదిహేను సెంటీమీటర్ల లోతున ఉందన్నది ఉంచాం. రోడ్డు మధ్యగీత దూరాన్ని కూడా ఇచ్చాం గాని, అది వెడల్పు చేసిన తరువాతి మధ్యగీత అనీ, మేము కొలిచిన తేదీ ఇదీ అని పక్కనే రాశాం. గడ్డి చెక్కను తిరిగి కప్పి, అంచులు కనిపించకుండా అడుగుతో అదిమి వచ్చాం.